ఫ్రాంచెస్కా అంటే ఏ ఫ్రాంచెస్కా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ఫోనులో పాటల యాప్ తెరిచి ‘ఫ్రాంచెస్కా’ అని వెతికితే చైకోవ్‌స్కీ, రఖ్మనినోవ్, జాందొనాయ్ అనే ముగ్గురు స్వరకర్తల పేర్ల కింద ‘ఫ్రాంచెస్కా ద రిమిని’ అనే ఒకే శీర్షిక కనిపించింది. ఆ వెనకే ఫ్రాంచెస్కా కచ్చీని, ఫ్రాంచెస్కా కుత్సోని, పియెరో దెల్లా ఫ్రాంచెస్కా అనే పేర్లూ వచ్చాయి. వీళ్లంతా ఒకరేనా, ఆ మూడు కృతులూ ఒకటేనా, ఈ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతానికి కొత్తవాళ్లు దేనితో మొదలుపెట్టాలి అన్నవి మీ సందేహాలు. ముప్పై ఏళ్లకు పైగా ఈ సంగీతం వింటున్నాను. వీలున్నప్పుడల్లా స్వరలిపి ముందు పెట్టుకుని నలుగురితో కలిసి వినడం అలవాటు. తెలిసినంతలో చెబుతాను.

వీళ్లు ఒకరు కారు. ఆ మూడు కృతుల్లో కథ ఒకటే, సంగీతానికి మాత్రం ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు.

ముందు పేరు సంగతి. ఇది ఫ్రాంచెస్కో అనే మగ పేరుకు స్త్రీ రూపం. ‘ఫ్రాన్సెస్కా’ అని రాస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు కానీ ఇటాలియన్‌లో అక్కడి అక్షరం పలికేది ‘చె’. మన లిపిలో ‘ఫ్రాంచెస్కా’ అని రాస్తే ఉచ్చారణ దాదాపు చెక్కుచెదరకుండా నిలుస్తుంది. మాటలు ఎక్కువగా అచ్చులతో ముగిసే భాష, ద్విత్వాలను నొక్కి పలికే భాష కాబట్టి కచ్చీని, రవెన్నా వంటి పేర్లు తెలుగు నోట హాయిగా పలుకుతాయి. అసిసి పట్టణంలో ఒక బట్టల వర్తకుడి కొడుక్కి జొవాన్ని అని జ్ఞానస్నానం చేయించారు. తండ్రి మాత్రం అతన్ని ఫ్రాంచెస్కో, అంటే ‘ఫ్రెంచివాడు’ అని పిలుచుకున్నాడు. ఆ కొడుకే సెయింట్ ఫ్రాన్సిస్. 1226లో ఆయన చనిపోయాక రెండేళ్లకే పునీతుడిగా ప్రకటించారు. అప్పటి నుంచి ఇటలీలో ఇంటింటా ఫ్రాంచెస్కోలు, ఫ్రాంచెస్కాలు పుట్టారు. అందుకే అక్కడ ఒట్టి ఫ్రాంచెస్కా అంటే ఎవరో తెలియదు. ఏ ఊరి ఫ్రాంచెస్కా, ఎవరింటి ఫ్రాంచెస్కా అన్నది చూడాలి. ఊరి పేరే ఇంటిపేరైన కుటుంబాలు మనలోనూ కోకొల్లలు కాబట్టి ఈ పద్ధతి మీకు కొత్తేమీ కాదు.

‘ఫ్రాంచెస్కా ద రిమిని’ అంటే రిమిని ఊరి ఫ్రాంచెస్కా. నిజానికి ఆమె పుట్టింది రవెన్నాలో. అక్కడి ప్రభువు గుయిదో ద పొలెంతా కూతురు. 1275 ప్రాంతంలో ఆమెను రిమిని పాలకుల కుటుంబంలోని జొవాన్ని మలతెస్తాకు ఇచ్చి పెళ్లి చేశారు. అతను కుంటివాడు, అందుకే జాన్‌చొత్తో అన్న పేరు పడింది. అది రెండు ఇళ్ల మధ్య రాజకీయ వియ్యం. తర్వాత ఆమె భర్త తమ్ముడు పావోలోను ప్రేమించింది. అతనికీ అప్పటికే పెళ్లయింది. భర్త ఇద్దరినీ చంపేశాడు. ఇది 1283, 1286 మధ్య జరిగిందంటారు.

ఈ హత్య గురించి మనకు దొరికే మొదటి సాక్ష్యం ఇటాలియన్ మహాకవి డాంటే పద్యమే. ‘ఇన్‌ఫెర్నో’, అంటే ‘నరకం’, అనే కావ్యం అయిదో సర్గలో మొత్తం 142 పాదాలున్నాయి, అందులో సగం ఈమెవి. నరకం రెండో వలయంలో కామానికి లోబడినవాళ్ల ఆత్మలను ఒక గాలివాన ఎప్పటికీ ఆగకుండా విసిరికొడుతూ ఉంటుంది. ఆ గాలిలో ఒకరినొకరు వదలకుండా కొట్టుకుపోతున్న జంటను డాంటే పిలుస్తాడు. ఆమె వచ్చి చెబుతుంది. ఒకరోజు కాలక్షేపానికి లాన్సెలాట్ అనే వీరుడి ప్రేమకథ ఇద్దరూ కలిసి చదువుతున్నారు. చదువుతుంటే చూపులు కలిశాయి. కథలో ముద్దు ఘట్టం రాగానే అతను వణుకుతూ ఆమెను ముద్దు పెట్టుకున్నాడు. ‘ఆ రోజు మేము మరి ముందుకు చదవలేదు’ అని ఆపేస్తుంది. అది విన్న డాంటే జాలితో శవంలా కూలిపోతాడు.

ఈ భాగాన్ని తీరిగ్గా చదివితే ఒకటి గమనిస్తారు. భర్త పేరు అందులో లేదు. పావోలో పేరూ లేదు, అతను పక్కన నిలబడి ఏడుస్తూ ఉంటాడంతే. ఆ ఇద్దరి కథలో పేరు పెట్టి పిలిచింది ఒక్క ఫ్రాంచెస్కానే, మాట్లాడేదీ ఆమే. డాంటే తన చివరి రోజులు రవెన్నాలో గడిపి 1321లో అక్కడే కన్నుమూశాడు. అప్పుడు ఆయనకు ఆశ్రయమిచ్చిన గుయిదో నొవెల్లో ఈమెకు మేనల్లుడే. కుంటి పెళ్లికొడుకును దాచి అందగాడైన తమ్ముణ్ని చూపించి ఆమెను మోసం చేశారన్న కథ మీరు ఎక్కడైనా చదివి ఉంటే, అది డాంటేది కాదు. ఆయన పోయాక యాభై ఏళ్లకు వ్యాఖ్యానం రాస్తూ బొక్కాచ్చో అనే రచయిత చేర్చినది. ఒపెరాలు, అంటే పాటతోనే నడిచే నాటకాలు, రాసినవాళ్లకు ఆ మోసమే బాగా నచ్చింది.

ఇక చైకోవ్‌స్కీ. 1876 వేసవిలో ఆయన వాగ్నర్ ఒపెరాలు చూడటానికి జర్మనీలోని బైరూత్‌కు బయలుదేరి, రైల్లో ఈ సర్గ చదివాడు. మాస్కో తిరిగి వెళ్లాక శరదృతువులో కొద్ది వారాల్లోనే రాసేశాడు. ఇది ఒపెరా కాదు. ఇందులో గొంతు వినబడదు, అంతా వాద్యబృందమే. నిడివి సుమారు 25 నిమిషాలు, స్వరకర్త రచనల వరుసలో దీని గుర్తు ఓపస్ 32. 1877లో మాస్కోలో నికొలాయ్ రూబిన్‌స్టీన్ తొలిసారి వాయింపించాడు.

మొదట చాలాసేపు గాలివానే. మంద్ర వాద్యాల గుడగుడతో నరకద్వారం తెరుచుకుంటుంది, తర్వాత వయొలిన్లు, వేణువులు సుడులు తిరుగుతాయి. కొత్తగా వినేవాళ్లు ఇక్కడే విసిగి ఆపేస్తారు. దయచేసి ఆపకండి. తుపాను క్రమంగా సద్దుమణిగి వాద్యాలన్నీ ఒక్కొక్కటిగా తప్పుకుంటాయి, చివరికి ఒక క్లారినెట్ ఒంటరిగా మిగులుతుంది. మన పెళ్లి బ్యాండుల్లో వినే అదే వాద్యం. అది మొదలుపెట్టే రాగమే ఫ్రాంచెస్కా. కాసేపటికి తంత్రీవాద్యాలు కమానులు పక్కన పెట్టి తీగలను వేళ్లతో మీటుతూ ఆమె వెనక అడుగులు వేస్తాయి. స్వరలిపిలో ఈ పేజీకి వచ్చేసరికి నల్లగా కిక్కిరిసి ఉన్న పంక్తులన్నీ ఖాళీ అయి, ఒకే పంక్తిలో స్వరాలు కనిపిస్తాయి. మొదటిసారి ఆ పేజీ తిప్పినప్పుడు నాకు డాంటే పాదం ఒకటి గుర్తొచ్చింది, మా మాటల కోసం గాలి ఇప్పుడు కాస్త మౌనంగా ఉంది అని ఆమె అంటుంది. చైకోవ్‌స్కీ ఆ వాక్యాన్ని తూచా తప్పకుండా సంగీతంలో పెట్టాడు. అదే రాగం మళ్లీ మళ్లీ, ప్రతిసారీ వేరే రంగులో వస్తుంది. ఆ తర్వాత తుపాను తిరిగి కమ్ముకుంటుంది. 1893లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చినప్పుడు, అక్కడి కచేరీలో తన రచనల్లోంచి వినిపించడానికి ఆయన ఎంచుకున్నది దీన్నే. అదే ఏడాది చివర్లో చనిపోయాడు.

రఖ్మనినోవ్‌ది ఒపెరా, ఓపస్ 25. పాఠం రాసింది చైకోవ్‌స్కీ తమ్ముడు మొదెస్త్. 1906 జనవరిలో మాస్కో బొల్షొయ్ థియేటర్‌లో స్వరకర్తే నిర్వహించగా మొదటిసారి ప్రదర్శించారు. నిడివి గంటకు కాస్త పైన. నిజం చెప్పాలంటే నాటకంగా దీని అల్లిక వదులు. భర్త పాత్రకు ఇచ్చినంత చోటు ఆమెకు ఇవ్వలేదు. ఆ పాత్రను మహాగాయకుడు షలియాపిన్ కోసం ఊహించి రాశారు, కానీ ఆయన పాడలేదు. అయినా ఆద్యంతాల్లోని నరకం కోసం దీన్ని వినాలి. బృందగానానికి మాటలే ఉండవు. ఆత్మలు మూలుగుతూ, నిట్టూరుస్తూ పాడతాయి. చిట్టచివర్లో మాత్రమే వాటికి మాట వస్తుంది. అది డాంటే రాసిన మాటే, ‘కష్టంలో ఉన్నప్పుడు సుఖపడిన రోజులను తలచుకోవడం కంటే పెద్ద దుఃఖం లేదు’. అంతసేపు మాట లేకుండా మూలిగిన గొంతులకు ఈ ఒక్క వాక్యం ఎంత బరువుగా దిగుతుందో వింటే గానీ తెలియదు.

ఈ వాక్యానికి సంగీతంలో పెద్ద చరిత్రే ఉంది. 1816లో ఇటాలియన్ స్వరకర్త రొస్సీని రాసిన ‘ఒతెల్లో’ ఒపెరా చివరి అంకంలో డెస్డిమోనా తన గదిలో ఉండగా, బయట కాలువలో పడవవాడు పాడుకుంటూ పోయేది ఇదే వాక్యం. హంగేరీ స్వరకర్త లిస్ట్ రాసిన ‘డాంటే సింఫనీ’ మొదటి భాగంలోనూ ఇది ఉంది. 1857లో డ్రెస్డెన్‌లో మొదటిసారి వాయించిన ఆ కృతిలో పాడేవాళ్లు లేని చోట, స్వరాల పైన ఈ మాటలు అచ్చువేయించాడు. వాయించేవాళ్లకు తప్ప వినేవాళ్లకు అవి అందవు. తర్వాత వచ్చే ప్రేమ ఘట్టం ఏడు లెక్కల నడకలో ఉంటుంది. ఆ కాలపు యూరప్ సంగీతంలో అది అరుదు. మిశ్రచాపు తాళం వేయడం అలవాటున్న మన చేతికి మాత్రం సులభంగా చిక్కుతుంది. తొడ మీద లెక్క వేస్తూ వినండి. ఏ చరణంలోనూ కాలు పూర్తిగా నేలకు ఆననట్టు, ఆ ఇద్దరూ గాలిలో తేలుతున్నట్టు ఎందుకు అనిపిస్తుందో తెలుస్తుంది.

జాందొనాయ్ ఒపెరా ఈ మూడింటిలో పెద్దది, నాలుగు అంకాలు, రెండు గంటలకు పైగా ఉంటుంది. 1901లో ఇటాలియన్ కవి దన్నున్‌త్సియో రాసిన నాటకం దీనికి ఆధారం. ఆ నాటకంలో ఫ్రాంచెస్కాగా వేసింది ఎలెయొనోరా దూజె అనే గొప్ప నటి. దాన్ని కుదించి తీతో రికోర్ది ఒపెరా పాఠంగా మార్చాడు. 1914 ఫిబ్రవరి 19న తూరినోలోని తెయాత్రో రెజ్జోలో తొలి ప్రదర్శన జరిగింది. దీని మొదటి అంకం ముగింపు ఎప్పుడు చూసినా నా ఊపిరి నిలిచిపోతుంది. కాబోయే భర్త అనుకుని ఆమె ఎదురుచూస్తూ ఉంటుంది. పావోలో వచ్చి తోట గుమ్మంలో నిలబడతాడు. మరే ఒపెరాలోనైనా ఇక్కడ యుగళగీతం ఉంటుంది. ఇక్కడ ఇద్దరూ ఒక్క మాట కూడా పాడరు. వేదిక మీద ఒక పాతకాలపు తంత్రీవాద్యం, వియోలా పొంపోసా, ఒంటరిగా పలుకుతుంది. వెనక చెలికత్తెల గానం వినిపిస్తుంది. ఆమె ఒక ఎర్ర గులాబీ తుంచి అతనికి అందిస్తుంది. తెర పడుతుంది. 1984లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో రెనాతా స్కొత్తో, ప్లాసిదో దొమింగో పాడిన ప్రదర్శన వీడియోగా దొరుకుతుంది. వినడం కంటే అది చూడటం మేలు.

ఇదే కథతో ఇంకా చాలా ఒపెరాలు వచ్చాయి. మెర్కదాంతే 1830 ప్రాంతంలో రాసినది అప్పట్లో వేదిక ఎక్కనే లేదు. 2016లో మార్తీనా ఫ్రాంకాలో జరిగిన ఉత్సవంలో గానీ దాన్ని మొదటిసారి ప్రదర్శించలేదు. అంబ్రువాజ్ తొమా ఫ్రెంచిలో రాసినది 1882 నాటిది. 2023లో ఐరిష్ గాయకుడు హోజియర్ ఆల్బమ్‌లో వచ్చిన ‘ఫ్రాంచెస్కా’ పాట కూడా ఈమె గురించే.

ఇప్పుడు రెండో ఫ్రాంచెస్కా. ఈ సమాధానం రాయాలని నాకు అనిపించిందే ఈమె కోసం.

పైన చెప్పిన ఫ్రాంచెస్కా నోట సంగీతం పెట్టినవాళ్లందరూ మగవాళ్లే. ఆమె పాడిందో లేదో కూడా మనకు తెలియదు. ఫ్రాంచెస్కా కచ్చీని మాత్రం స్వయంగా పాడింది, వీణ లాంటి ల్యూట్ వాయించింది, పద్యాలు రాసింది, స్వరాలు కట్టింది. 1587 సెప్టెంబరులో ఫ్లోరెన్స్‌లో పుట్టింది. తండ్రి జూలియో కచ్చీని, ఒపెరా అనే రూపానికి పునాదులు వేసినవాళ్లలో ఒకడు. చెల్లెలు సెత్తీమియా కూడా గాయనే. 1604లో కుటుంబమంతా ఫ్రాన్స్ రాజు నాలుగో హెన్రీ ఆస్థానానికి వెళ్లింది. ఆ రాజు ఈమె పాట విని తన దగ్గరే ఉంచుకోవాలనుకున్నాడు. ఫ్లోరెన్స్ ఆస్థానం ఆమెను వదలలేదు. 1607 నుంచి ఫ్లోరెన్స్‌ను ఏలే మెదిచి ప్రభువుల కొలువులో జీతానికి పనిచేసింది. కొన్నేళ్లలోనే అక్కడ ఎక్కువ జీతం అందుకునే సంగీతకారుల్లో ఒకరయింది.

1618లో ‘ఇల్ ప్రీమో లీబ్రో దెల్లె మూజికె’ అనే పాటల పుస్తకం అచ్చు వేయించింది. అందులో ఒక్కరు పాడేవి 32, ఇద్దరు పాడేవి 4. గమకాలను గాయకుల ఇష్టానికి వదిలేయడం ఆ కాలపు అలవాటు. ఈమె మాత్రం ఎక్కడ ఏ అక్షరం మీద ఎన్ని స్వరాలు దొర్లించాలో ఓపికగా రాసిపెట్టింది. పాఠం చెప్పే గురువు చేతివాటం ఆ పుటల్లో కనిపిస్తుంది. నిజంగానే ఆమె దగ్గర ఆస్థానంలోని ఆడపిల్లలు నేర్చుకునేవారు.

1625 ఫిబ్రవరి 3న పోలాండ్ యువరాజు వ్లాదిస్వావ్ ఫ్లోరెన్స్ వచ్చిన సందర్భంగా, పొజ్జో ఇంపెరియాలె భవనంలో ఈమె రాసిన ‘లా లిబెరాత్సియోనె ది రుజ్జేరో’ ప్రదర్శించారు. ఆల్చీనా అనే మాంత్రికురాలి దీవి నుంచి రుజ్జేరో అనే వీరుణ్ని మెలిస్సా అనే మరో మాంత్రికురాలు విడిపించే కథ. ఒక స్త్రీ రాసిన ఒపెరాల్లో ఇప్పటికి మిగిలిన మొట్టమొదటిది ఇదే. ఆల్చీనా వలలో పడి చెట్లుగా మారిపోయినవాళ్లు ‘మమ్మల్నీ విడిపించు’ అని పాడే చోటు ఒకటుంది, ముఖ్యంగా వినండి. చివర్లో జనమంతా బయటికి వెళ్లి గుర్రాల నాట్యం చూశారట. ఆ ఆస్థానాన్ని అప్పుడు ఏలుతున్నదీ స్త్రీయే, బాలప్రభువు తరఫున రాజ్యం చూస్తున్న తల్లి మరీయా మద్దలేనా. కథలో వీరుణ్ని కాపాడేది కూడా స్త్రీయే కావడం కాకతాళీయం అనుకోలేను.

వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. కచ్చీని అని టైపు చేస్తే అన్నిటికంటే పైన వచ్చేది ‘అవే మరీయా’. అది కూతురిదీ కాదు, తండ్రిదీ కాదు. 1970 ప్రాంతంలో రష్యన్ సంగీతకారుడు వ్లదీమిర్ వవీలోవ్ తనే రాసి, పాతకాలపు అజ్ఞాత రచన అని రికార్డు చేశాడు. ఆయన పోయాక దానికి కచ్చీని పేరు తగిలించారు. పాట బాగుంటుంది, కాదనను. కానీ దాన్ని విని కచ్చీనిని విన్నామనుకుంటే ఆ తండ్రీకూతుళ్లిద్దరికీ అన్యాయం చేసినట్టే.

ఫ్రాంచెస్కా కుత్సోని స్వరకర్త కాదు, గాయని. 1696లో పార్మాలో పుట్టింది. లండన్‌లో స్వరకర్త హాండెల్ ఒపెరాలకు ప్రాణం పోసింది. 1723లో ‘ఒత్తోనె’ సాధనలో మొదటి పాటే తనకు తగినట్టు లేదని పాడనంటే, కిటికీలోంచి కిందికి విసిరేస్తానని హాండెల్ బెదిరించాడన్న కథ ఈమెదే. పాడింది. ఆ ‘ఫల్సా ఇమ్మాజినె’ పాటే ఆమెకు లండన్‌లో పేరు తెచ్చింది. అలంకారాలు లేని సాదా రచన అది, గొంతులో నిండుదనం లేకపోతే నిలవదు. 1724లో ‘జూలియో చేజరె’ ఒపెరాలో క్లియోపాత్రా, మరుసటి ఏడాది ‘రొదెలిందా’ పాత్రలు ఈమె గొంతును చూసి హాండెల్ రాసినవే. 1727 జూన్‌లో ఈమె అభిమానులూ, పోటీ గాయని ఫావుస్తీనా బొర్దోని అభిమానులూ యువరాణి కారొలైన్ ఎదుటే ఈలలు, అరుపులతో ప్రదర్శనను చెడగొట్టారు. లోకం ఆ గొడవనే గుర్తుపెట్టుకుంది. ముసలితనంలో ఈమె బొలోన్యాలో పేదరికంలో పోయింది. క్లియోపాత్రా పాడే ‘సె పియెతా’ విన్నప్పుడైనా ఆ గొడవ పక్కన పెట్టి ఈ గొంతును తలచుకోండి.

ఫ్రాంచెస్కా లెబ్రన్ పేరు కూడా మీకు తగలవచ్చు. జర్మనీలోని మాన్‌హైమ్ ఆస్థాన గాయని, సొనాటాలు అనే వాద్యరచనలు చేసింది. 1778లో మిలాన్‌లోని లా స్కాలా థియేటర్ సాలియెరి ఒపెరాతో మొదలైనప్పుడు పాడినవాళ్లలో ఒకరు.

మిగిలింది పియెరో దెల్లా ఫ్రాంచెస్కా. ఇతను మగవాడు, చిత్రకారుడు, 1492లో చనిపోయాడు. తల్లి పేరు ఫ్రాంచెస్కా కాబట్టి ఆ పేరు వచ్చిందని చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వజారి రాశాడు. తల్లి పేరు రొమానా అని తర్వాత పత్రాల్లో తేలింది. అది ఇంటిపేరు. అరెత్సోలో ఇతను గోడల మీద వేసిన చిత్రాలు చూసి చెక్ స్వరకర్త మార్తినూ 1955లో మూడు భాగాల వాద్యకృతి రాశాడు. 1956లో సాల్జ్‌బర్గ్‌లో కూబెలిక్ దాన్ని మొదట వాయింపించాడు. ఆ చిత్రాలున్న గుడి పేరు సాన్ ఫ్రాంచెస్కో, ఆ అసిసి వర్తకుడి కొడుకుదే. రిమిని కథతో దీనికి ఏ చుట్టరికమూ లేదు.

వినే వరుస అడిగారు కాబట్టి చెబుతాను. ముందు ఆ అయిదో సర్గ ఏ అనువాదంలోనైనా సరే చదవండి, పావుగంట పని. తర్వాత చైకోవ్‌స్కీ, క్లారినెట్ వచ్చే దాకా ఆపకుండా. అది నచ్చితే జాందొనాయ్ మొదటి అంకం చివరి పది నిమిషాలు చూడండి. రఖ్మనినోవ్‌ది ఒక్క పూటలో ఏకబిగిన వినాలి, ముక్కలుగా వింటే ఆ చివరి వాక్యం పండదు. ఇదంతా అయ్యాక ఒక రాత్రి దీపం తగ్గించి కచ్చీని పాటల పుస్తకంలోని ‘లషాతెమి క్వి సోలో’ పెట్టుకోండి. ‘నన్నిక్కడ ఒంటరిగా వదిలేయండి’ అని అర్థం. ఒక గొంతు, ఒక ల్యూట్, ఇంకేమీ ఉండదు. విన్నాక ఎలా ఉందో ఇక్కడే రాయండి, రుజ్జేరో ఒపెరా గురించి అప్పుడు వివరంగా మాట్లాడుకుందాం.